ఆదివారం ఎవరింట్లో? కమోయింగే ఫొటోగ్రాఫర్లు, ఇంకా మన మగాళ్ళ స్నేహాలు

మసకలెన్సు (ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ)
శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం, చాన్నాళ్ళకి పోస్ట్ పెడుతున్నా, కాస్త పొడుగవుద్ది ఓపిక పట్టండి. మా ఆఫీసులో టెస్టింగ్ టీంలో ఒక పెద్దాయన ఉన్నాడు, బ్లాక్ ఆయన, రేపోమాపో రిటైర్ అవుతాడు, లంచ్ టైంలో నేను ఫోన్లో నా ఫొటోలు తిప్పుకుంటుంటే పక్కన కూచుని చూశాడు. పొగడతాడేమో అని నేను ఎదురుచూస్తున్నా. ఆయన ఒకటే అడిగాడు, నీ ఫొటో బాలేదని నీకు మొహం మీద చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు అని. ఆలోచించా. ఒక్కడు లేడు. వాట్సాప్ గ్రూపులో పెడితే సూపర్ మామా, కేక మామా, ఓ మూడు నిప్పు బొమ్మలు, అంతే. మా ఆవిడైతే చూడకుండానే బాగుందండీ అంటది.

అప్పుడు చెప్పాడు, 90ల్లో మన వెస్ట్ విండ్సర్‌లో ఉన్న మెర్సర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుకి వెళ్ళేవాడట, పంతులు లూయీ డ్రేపర్ అంట. నేను ఆ కాలేజీ ముందునుంచి రోజూ కారేసుకుని పోతా, మా వాడి స్విమ్మింగ్ కూడా ఆ దారిలోనే. ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి వెతికితే ఇక రెండు రాత్రులు నిద్ర లేదు.

డ్రేపర్ 1935లో వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర పుట్టాడు, కాలేజీలో ఉండగా కెమెరా పిచ్చి పట్టి చదువు మధ్యలో వదిలేసి 1957లో న్యూయార్క్ వచ్చేశాడు. 1963లో అక్కడ బ్లాక్ ఫొటోగ్రాఫర్ల చిన్న గుంపులు రెండు కలిసి ఒక గుంపు అయ్యాయి, దాని పేరు కమోయింగే వర్క్‌షాప్, మొదట్లోంచీ ఉన్నవాళ్ళలో ఈయనొకడు. కమోయింగే అంటే కెన్యాలో గికుయు భాషలో కలిసి పనిచేసే జనం అని అర్థం, జోమో కెన్యాట్టా పుస్తకంలోంచి తీసుకున్నారు, ఆ ఏడాది డిసెంబర్లోనే కెన్యాకి స్వతంత్రం వచ్చింది, కాబట్టి ఆ పేరు పెట్టుకోడం ఊరికే కాదు. రాయ్ డెకరావా అని అప్పటికే పేరున్నాయన మొదటి డైరెక్టర్. ఇక మిగతావాళ్ళు ఆల్బర్ట్ ఫెన్నర్, రే ఫ్రాన్సిస్, హెర్బర్ట్ రాండాల్, షాన్ వాకర్, జేమ్స్ మానస్, ఇంకా కొంతమంది. చాలామంది కుర్రాళ్ళే, పగలు వేరే పనులు.

నాకు నచ్చింది ఏంటంటే ఆదివారం ఆదివారం ఎవరో ఒకళ్ళ ఇంట్లో చేరేవాళ్ళు. జాజ్ రికార్డు పెట్టుకుని, తినేది ఏదో తింటా, ఎవరి ప్రింట్లు వాళ్ళు తెచ్చి మధ్యలో పెడితే మిగతావాళ్ళు వాటిని చీల్చి చెండాడేవాళ్ళు. మొహమాటం లేదు. మళ్ళీ వచ్చే ఆదివారం అదే మనిషి ఇంకో కట్ట ప్రింట్లతో వచ్చేవాడు. ఎందుకొస్తాడు చెప్పండి, తిట్టించుకోడానికా? అదే నాకు అర్థం కాలేదు, మళ్ళీ మళ్ళీ అదే ఆలోచిస్తున్నా. మీకెవరికైనా అలాంటి మనిషి ఉన్నాడా, మీ పని చూసి ఇది కాదురా అని చెప్పి, తర్వాత భోజనం కూడా పెట్టేవాడు?


అడ్డరోడ్డు (విశాఖపట్నం)
శనివారం రాత్రి 11:41

మా నాన్న ఉన్నాడు గురూ. భోజనం అమ్మ పెడతది.


చీకటిగది (రాజమండ్రి)
ఆదివారం ఉదయం 6:05

మసకలెన్సు గారూ, పొద్దున్నే లేచి మీ పోస్టు చదివి కాఫీ చల్లారబెట్టుకున్నానండి. నేను 1986 నుంచి 2009 దాకా స్టూడియో నడిపాను, డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద సగం జీవితం గడిచిపోయింది. మీరు డెకరావా పేరెత్తారు కాబట్టి చెప్తున్నా, ఆయన ప్రింట్లు పుస్తకంలోనే చూశాను, మా అబ్బాయి పంపిస్తే. మొదటిసారి చూసినప్పుడు ఇదేంటి ఇంత నల్లగా కొట్టాడు, ఎక్స్‌పోజర్ తప్పిందా అనుకున్నాను. కాసేపు అట్టా చూస్తే అప్పుడు మనిషి మొహం ఆ నలుపులోంచి నెమ్మదిగా బయటికొస్తుందండి. కంటికి అలవాటు పడాలి, సినిమా హాల్లోకి లేటుగా వెళ్ళినప్పుడు సీటు వెతుక్కున్నట్టు. ఫ్లాష్ వెయ్యడు, ఉన్న వెలుతురు చాలు. తెలుపు కోసం ఎగబడడు, ముదురు బూడిద రంగులో ఓ పది రకాలు చూపిస్తాడు. అది ఎంత కష్టమో డెవలపర్‌లో చెయ్యి పెట్టినోడికే తెలుస్తది, అర సెకను ఎక్కువైతే బొగ్గు, తక్కువైతే సున్నం.

మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. మా స్టూడియోకి పెళ్ళిచూపుల ఫొటోకి వచ్చిన ప్రతి అమ్మాయికీ వాళ్ళమ్మ చెవిలో చెప్పే మాట ఒకటే, కాస్త తెల్లగా రావాలండి. వెలుతురు ఓ స్టాపు, అంటే రెట్టింపు, ఎక్కువ ఇచ్చి, పెన్సిల్ టచప్ చేసి, ముక్కూ మొహం చెరిపేసి ఇచ్చేవాణ్ణి. కలర్ వచ్చాక ల్యాబుల్లో సరిచూసుకోడానికి కోడాక్ వాళ్ళు పంపే కార్డు ఉండేది, దాని మీద తెల్ల అమ్మాయి బొమ్మ, షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ అమ్మాయి ఒంటి రంగు సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. మరి రాజమండ్రి మొహాలు ఎట్టా వస్తాయి? డెకరావా ఆ కార్డు లెక్క పక్కన పారేసి తన జనం ఎలా ఉంటారో అలా కొట్టాడు. 1952లోనే ఆయనకి కళాకారులకిచ్చే పెద్ద గ్రాంటు, గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది, ఫొటోగ్రఫీలో అది అందుకున్న మొదటి బ్లాక్ మనిషి ఆయనే.


ఓరుగల్లు_పోరడు (అట్లాంటా)
ఆదివారం ఉదయం 8:30

అన్నా మంచిగ రాసినవ్, చీకటిగది సార్ ఇంకా మంచిగ రాసిండు. కని నాకొక్క మాట మనసుల ఉంది అది అనకపోతె నాకు పొద్దు పోదు. మనోళ్ళు గీ ఫోరంల బ్లాక్ ఆర్టిస్టుల గురించి గింత ప్రేమగ రాస్తరు గద, ఇల్లు కొనేటప్పుడు ఏం అడుగుతరు? గా ఏరియాల వాళ్ళు ఎక్కువుంటరా, స్కూల్ల ఎంతమంది ఉంటరు అని. పిల్లల ముంగట వాళ్ళ కోసం వాడే మాట ఏందో అందరికి ఎర్కనే, నేను ఈడ రాయను. నేను కూడ అన్న, 2011ల వచ్చినప్పుడు. ఎంఎస్ చేసుకుంట గ్యాస్ స్టేషన్ల నైట్ షిఫ్ట్ చేసినప్పుడు నాకు కారు లేకుంటె రోజు పొద్దుగాల అపార్ట్‌మెంట్ దాక దింపినోడు ఎవడు? నా పక్క పొంటి పని చేసిన బ్లాక్ తమ్ముడు. మూడు నెల్లు దింపిండు, పైస తీసుకోలె. నేను వాణ్ణి మా రూంకి ఒక్కసారి గూడ తిననీకి పిలువలె, రూమ్మేట్లు ఏమనుకుంటరో అని. గది యాదికొస్తె ఇప్పటికి నాకు మింగుడు పడది.

అందుకనే ఆదివారం ఎవరింట్ల అని టైటిల్ చూసి ఆగిపోయిన.


మసకలెన్సు
ఆదివారం ఉదయం 9:12

అన్నా నువ్వన్నది నిజం. మా పెద్దాయన్ని నేనూ ఇంతవరకు ఇంటికి పిలవలేదు, నాలుగేళ్ళుగా ఒకే టేబుల్ దగ్గర తింటున్నాం.


అడ్మిన్_బాబాయ్
ఆదివారం ఉదయం 9:40

పైన ఒక కామెంట్ తీసేశాను, ఆ మాట వాడినందుకే. ఎవరిదో వాళ్ళకి తెలుసు. చర్చ కొనసాగించండి, బాగా నడుస్తోంది.


మాత్రలక్క (లాస్ ఏంజెలెస్)
ఆదివారం ఉదయం 10:55

నేను ఫార్మసిస్టుని, ఫొటోల గురించి ఓనమాలు రావు, కానీ మగాళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు ఎక్కడ వింటారు అన్న దానికి మా ఊళ్ళో లెక్కలతో తేలిన సంగతి ఒకటుంది. బ్లాక్ మగాళ్ళలో బీపీ సమస్య ఎక్కువ, డాక్టర్ దగ్గరికి రావడం తక్కువ, దానికి కారణాలు చాలా ఉన్నాయి, హాస్పిటళ్ళ మీద నమ్మకం లేకపోవడం ఒకటి, ఆ నమ్మకం ఊరికే పోలేదు. ఇక్కడి సీడర్స్ సైనాయ్ హాస్పిటల్లో రోనాల్డ్ విక్టర్ అనే డాక్టరు గారు ఏం చేశారంటే, వాళ్ళు డాక్టర్ దగ్గరికి రారు సరే, మంగలి షాపుకైతే రెండు వారాలకోసారి తప్పకుండా వెళ్తారు కదా, ఒకే మంగలి దగ్గరికి ఏళ్ళ తరబడి వెళ్తారు కదా అని 52 షాపుల్లో 319 మందిని తీసుకున్నారు. సగం షాపుల్లో మంగలే కస్టమర్‌కి చెప్పి ఒప్పించి, ఫార్మసిస్టు అక్కడికే వచ్చి బీపీ చూసి మందు రాసి మార్చడం. మిగతా షాపుల్లో మంగలి డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఉప్పు తగ్గించు అని చెప్పడం వరకే. ఆరు నెలలకి మొదటి వాళ్ళకి పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, రెండో వాళ్ళకి 9. అది 2018లో పెద్ద జర్నల్‌లో వచ్చింది. 27 అంటే ఎంతో మందుల పని చేసేవాళ్ళని అడగండి, మేం నోరెళ్ళబెట్టాం.

నేను ఒకసారి అలాంటి షాపులో హెల్త్ క్యాంపుకి వెళ్ళాను. క్షవరం ఇరవై నిమిషాలు, కబుర్లు రెండు గంటలు. ఒకాయన ఉద్యోగం పోయిన సంగతి భార్యకి ఇంకా చెప్పలేదని కుర్చీలో కూచుని చెప్పేశాడు, షాపంతా వింటోంది, ఎవరూ నవ్వలేదు, జాలీ పడలేదు. కత్తెర ఆపకుండానే మంగలాయన, ఇవాళ రాత్రికి చెప్పు, రేపు నాకు ఫోన్ చెయ్యి అన్నాడు అంతే. మా అన్నయ్య ఉద్యోగం పోయినప్పుడు మాకు ఏడు నెలల తర్వాత తెలిసింది, రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని బయటికెళ్ళి పార్కులో కూచునేవాడట.


అడ్డరోడ్డు
ఆదివారం సాయంత్రం 5:15

అక్కా ఆ చివరి లైను చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసా.


కలువకొలను (డల్లాస్)
ఆదివారం రాత్రి 7:48

అన్నయ్యలందరికీ ఒక ప్రశ్న. ఈ ఆదివారం సభల్లో ఆడవాళ్ళు ఏరి? కమోయింగేలోకి మొదటి స్త్రీ మింగ్ స్మిత్ వచ్చింది 1972లో, అంటే మొదలుపెట్టిన తొమ్మిదేళ్ళకి. అదే 1963లో న్యూయార్క్‌లోనే స్పైరల్ అని బ్లాక్ చిత్రకారుల గుంపు ఒకటి మొదలైంది, రొమేర్ బేర్డన్, నార్మన్ లూయిస్, హేల్ వుడ్రఫ్ లాంటి పెద్దవాళ్ళు, అందులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఎమా ఏమోస్, అందరికంటే చిన్నది. మగాళ్ళు ఒకరికొకరు మనసు విప్పుకోడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు, కానీ మన దగ్గర మగాళ్ళ ఆదివారం అంటే ఏంటో నాకు బాగా తెలుసు, హాల్లో పేకాట, వంటింట్లో మేం. ఈ థ్రెడ్ చూసి మా ఆయన కూడా రేపట్నుంచి బ్రదర్‌హుడ్ మొదలెడతాడేమోనని భయంగా ఉంది :)

కాస్త సీరియస్‌గా చెప్పాలంటే మింగ్ స్మిత్ ఫొటోలు చూడండి. కదిలిపోతూ, చెదిరిపోతూ, దయ్యాల్లా ఉంటాయి మనుషులు. ఆమెని లోపలికి రానిచ్చి ఆ గుంపే బాగుపడిందని నా అభిప్రాయం.


మసకలెన్సు
ఆదివారం రాత్రి 8:20

ఒప్పుకుంటున్నా అండీ, కాదనడానికేం లేదు. మింగ్ స్మిత్ ఫొటోలు చూశా, మన భాషలో చెప్పాలంటే షేక్ అయిపోయిన ఫొటోలు, నేనైతే డిలీట్ కొట్టేసేవాణ్ణి.


ఒంటికాయ (బెంగళూరు)
ఆదివారం రాత్రి 10:02

నేను కాస్త తేడాగా మాట్లాడతా, తిట్టకండి. గుంపు వల్ల కళ వస్తుందంటే నేను నమ్మను. మసకలెన్సు గారు చెప్పిన డెకరావానే తీసుకోండి, మొదటి డైరెక్టర్ అన్నారు, కొన్నేళ్ళకే తప్పుకున్నాడు కదా. ఆయన గొప్ప ప్రింట్లు గుంపులో చేరకముందే ఉన్నాయి, గుంపు వదిలాక కూడా ఉన్నాయి. నాకు 2015లో ఒక కథా రచయితల సర్కిల్ ఉండేది, నెలకోసారి కలిసేవాళ్ళం, ఏడాది తిరిగేసరికి ఆరుగురం ఒకేలా రాయడం మొదలెట్టాం, అందరి కథల్లోనూ ఊరి చివర ఓ చింతచెట్టు, దాని కింద ఓ ముసలాయన. విమర్శ అన్నారు సరే, పదిమంది బాలేదన్నదాన్ని వదిలేస్తూ పోతే చివరికి మిగిలేది పదిమందికీ నచ్చేది, అంతే కదా?


మూడునదులు (పిట్స్‌బర్గ్)
ఆదివారం రాత్రి 11:30

ఒంటికాయ తమ్ముడూ చింతచెట్టు దెబ్బకి నవ్వాగలేదు. కానీ మా ఊరి మనిషి సంగతి ఒకటి చెప్తా విను. నాటకాలు రాసిన ఆగస్ట్ విల్సన్ మా పిట్స్‌బర్గ్ వాడే, 1945లో ఇక్కడి బ్లాక్ వాళ్ళ పేట హిల్ డిస్ట్రిక్ట్‌లో పుట్టాడు. పదిహేనేళ్ళప్పుడు బళ్ళో నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాస్తే టీచరు ఇది నువ్వు రాసింది కాదు అన్నాడు. అంతే, బడి మానేశాడు, అమ్మకి చెప్పకుండా రోజూ కార్నెగీ లైబ్రరీకి వెళ్ళి కూచుని చదువుకున్నాడు. పైన అక్క వాళ్ళ అన్నయ్య టిఫిన్ బాక్సు సంగతి చదివితే నాకు ఇదే గుర్తొచ్చింది. తర్వాత ఆ లైబ్రరీయే ఆయనకి డిప్లొమా ఇచ్చింది.

ఇంతవరకు నువ్వన్నట్టే ఒంటరివాడి కథ. అసలు మలుపు ఆ తర్వాత. ఇరవై ఏళ్ళప్పుడు ఇరవై డాలర్లకి పాత టైప్‌రైటర్ కొన్నాడు, హిల్‌లో రాబ్ పెన్నీ, నిక్ ఫ్లోర్నాయ్, చాలీ విలియమ్స్ అని కవులు, వాళ్ళతో పడ్డాడు. అప్పట్లో విల్సన్ రాసే కవిత్వం ఎక్కడో ఇంగ్లీషు దొరల గొంతులో ఉండేది, పక్కింటి వాడికి అర్థం కాదు. 1968లో పెన్నీతో కలిసి బ్లాక్ హొరైజన్స్ అని నాటక సంఘం పెట్టాడు. హిల్‌లో ముసలాళ్ళు కూర్చునే కొట్టుల్లో, టిఫిన్ హోటళ్ళలో గంటలు గంటలు ఊరికే వింటూ కూచునేవాడు. ఆ మాటలే తర్వాత నాటకాలయ్యాయి, ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దానికొకటి లెక్కన పది నాటకాలు, రెండు పులిట్జర్లు, 1987లో ఒకటి 1990లో ఒకటి. అంటే ఆ గుంపు ఆయన్ని తమలా రాయమనలేదు. నువ్వు నీ గొంతు కాని గొంతులో రాస్తున్నావు అని తెలిసొచ్చేలా చేసింది. అది ఒంటరిగా కూచుంటే తెలీదయ్యా, మన గొంతు మనకి రికార్డులో వింటేగానీ తెలీదు.

నేను వారం వారం పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తా, హిల్ డిస్ట్రిక్ట్ పక్కనుంచే రోడ్డు. పద్నాలుగేళ్ళలో రెండు సార్లు దిగాను అక్కడ. ఒకసారి దారి తప్పి.


ఒంటికాయ
ఆదివారం రాత్రి 11:52

అన్నా ఈ పాయింటుకి నా దగ్గర వెంటనే జవాబు లేదు, రేపు వస్తా.


పల్లెపాదు (ఒంగోలు)
సోమవారం ఉదయం 7:20

అందరూ అక్కడి సంగతులు బాగా చెప్తున్నారు. మా వైపు నుంచి రెండు ముక్కలు. మా నాన్న ఎలిమెంటరీ స్కూల్ టీచరు, మాలపల్లె ఇల్లు, ఇంట్లో ఉన్న పుస్తకాలు ఓ పాతిక, అందులో ఒకటి ఏడు తరాలు, అమెరికా బ్లాక్ బానిసల కథ, అలెక్స్ హేలీ రూట్స్‌కి సహవాసి గారి అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళది. అది మా పేటలో ఎన్ని చేతులు మారిందో, అట్ట ఊడిపోతే సిమెంటు సంచి కాయితంతో వేశాం. అందులో కుంటా కింటే ఎవరో తెలుసు మాకు, ఇంగ్లీషు రాకముందే. బొంబాయిలో 1972లో దళిత్ పాంథర్స్ పెట్టినోళ్ళు ఆ పేరు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తెచ్చారని వేరే చెప్పక్కర్లేదు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడిలో హెడ్‌మాస్టరు అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పరిచయం చేశాడంట, ముందు ఆయనకి కోపం వచ్చిందంట, తర్వాత ఆలోచించి అవును నేనూ అంటరానివాణ్ణే అనుకున్నానని 1965లో తన చర్చిలో ఆయనే చెప్పాడు.

ఇదంతా ఎందుకంటే, ఒంటికాయ అన్న సర్కిల్‌కీ కమోయింగేకీ తేడా ఒకటి ఉంది. వాళ్ళకి వేరే చోటు లేదు. పత్రికలు తీసుకోవు, గ్యాలరీలు పిలవవు. న్యూయార్క్‌లో బ్లాక్ వాళ్ళ పేట హార్లెం ఫొటోలు కావాలంటే బయటోళ్ళొచ్చి తీసుకుపోతారు, గలీజు గల్లీ, ఏడిచే పిల్లోడు, తుపాకీ, ఇవే. అలా తయారైన మొహాన్ని సరి చెయ్యాలంటే తమలో తాము కఠినంగా ఉండక తప్పదు. బయటోడు వంక పెట్టేలోపే మనోడే చెప్పాలి. మేం కవిత్వం చదువుకున్న గది కూడా అలాంటిదే, ఒంగోలులో ఓ లాయరు గారి మేడ మీద, పదహారేళ్ళ క్రితం, నా మొదటి కవిత విని ఒకాయన నీ బాధ బానే ఉంది కవిత ఏదీ అన్నాడు. రెండు నెలలు మాట్లాడలేదు ఆయనతో. ఇప్పుడు ఆయన ఆస్పత్రిలో ఉంటే రాత్రిళ్ళు నేనే పడుకుంటున్నా అక్కడ.


ఓరుగల్లు_పోరడు
సోమవారం ఉదయం 9:05

అన్నా నువ్వు గ్యాలరీలు పిలవయి అన్నవ్ గద, పిల్చినప్పుడు గూడ కథ ఉంది. 1969ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హార్లెం మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టింది. పెద్ద పెద్ద ఫొటోలు గోడల పొంటి, కని హార్లెంల బతికే పెయింటర్ల బొమ్మ ఒక్కటి గూడ పెట్టలె. మనుషులను చూపెట్టిండ్రు, వాళ్ళు గీసిన బొమ్మలను కాదు. డెకరావా దాంట్ల కలువలె, బయట నిలవడి నిరసన చేసిండు, కమోయింగేవాళ్ళు గూడ దూరమే ఉన్నరు. గంత పెద్ద మ్యూజియం పిలిస్తె మనమైతె సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకుందుము.

మరి ఏం చేసిండ్రు అంటె సొంతంగ అచ్చేసుకున్నరు. 1973 సంది 1980 దాక బ్లాక్ ఫొటోగ్రాఫర్స్ యాన్యువల్ అని నాలుగు సంచికలు, మొదటిదానికి ముందుమాట నవలలు రాసే టోనీ మారిసన్ రాసింది. బ్యూఫోర్డ్ స్మిత్ అని కమోయింగే ఆయన దాంట్ల పెద్ద చెయ్యి. గాయన తీసిన ఫొటో ఒకటి ఉంది, కింగ్‌ను చంపిన మర్నాడు, హార్లెంల ఒక మగమనిషి ఏడుస్తుంటడు రోడ్డు మీద. గంతే. మగోడు నడిబజార్ల ఏడుస్తుంటె ఇంకొక మగోడు కెమెరా ఎత్తిండు, ఇజ్జత్ తీయనీకి కాదు. నేను గా ఫొటో ఆఫీసుల చూసిన, బాత్రూంకు పోయి మొకం కడుక్కొని వచ్చిన.


చీకటిగది
సోమవారం ఉదయం 10:10

మా రోజుల్లో చావు ఫొటోలకి పిలిచేవాళ్ళండి. ఆడవాళ్ళ ఏడుపు ఎంతైనా తియ్యొచ్చు. కొడుకు ఏడుస్తుంటే మాత్రం ఎవరో ఒకరు కెమెరాకి అడ్డం చెయ్యి పెట్టేవాళ్ళు. ఇరవై మూడేళ్ళలో ఒక్క మగాడి కన్నీళ్ళు నా రీలు మీద లేవు.


మాత్రలక్క
సోమవారం ఉదయం 11:31

చీకటిగది గారూ, ఇది ఎక్కడైనా రాసి పెట్టండి దయచేసి.


ఒంటికాయ
సోమవారం రాత్రి 9:44

వచ్చానండి. నిన్న కలువకొలను గారు స్పైరల్ పేరెత్తారు కదా, దాని గురించి చదివా. నా వాదనకి పనికొస్తుందని మొదలెట్టా, సగం పనికొచ్చింది, సగం ఎదురు తిరిగింది. బేర్డన్ ఒకరోజు పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు సంచీ నిండా పట్టుకొచ్చి, మనందరం కలిసి ఒక కొలాజ్ చేద్దాం అన్నాడంట. మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఇంటికెళ్ళి ఒక్కడే చేసుకున్నాడు. ఇవాళ బేర్డన్ అంటే అందరికీ తెలిసింది ఆ కొలాజ్‌లే. 1965కల్లా గుంపు కూడా చెదిరిపోయింది. అంటే గుంపు వద్దన్నదే గొప్పదైంది, నేను చెప్పానా? కానీ ఇంకోవైపు చూస్తే, గుంపు కోసం అనుకోకపోతే ఆ సంచీ ఆయన నింపేవాడే కాదు. ఏభై దాటిన మనిషి, అప్పటికే పేరున్న మనిషి, కత్తెర పట్టుకుని కొత్తగా మొదలెట్టింది పక్కవాళ్ళని ఊహించుకుని. కాబట్టి నేను సగం ఓడిపోయా. సగమే.


కలువకొలను
సోమవారం రాత్రి 10:00

చింతచెట్టు కింద ముసలాయనకి నమస్కారాలు చెప్పండి.


హట్టీస్‌బర్గ్_హరి (మిసిసిపీ)
మంగళవారం సాయంత్రం 6:18

లేటుగా చూశా బ్రోస్. నేను ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ సదరన్ మిసిసిపీలో ఎంఎస్ చేస్తున్నా, మొదటి పోస్టులో హెర్బర్ట్ రాండాల్ పేరు చూసి ఎగిరి గంతేశా. 1964 ఎండాకాలంలో బ్లాక్ వాళ్ళకి ఓటు హక్కు రాయించడానికి ఉత్తరాది నుంచి కుర్రాళ్ళు మిసిసిపీ వచ్చారు కదా, ఫ్రీడమ్ సమ్మర్ అంటారు, అప్పుడు రాండాల్ మా ఊరు హట్టీస్‌బర్గ్ వచ్చి ఫొటోలు తీశాడు. ఆ నెగటివ్‌లు 1,700కి పైనే, చాలా ఏళ్ళు ఆయన దగ్గరే పడున్నాయి, 90ల్లో మా యూనివర్సిటీకి ఇచ్చేశాడు. లైబ్రరీలో ఉన్నాయి, ఆన్‌లైన్లో చూడొచ్చు. చర్చి అరుగు మీద పిల్లలకి చదువు చెప్తున్నవి, వరండాలో కూచుని ముసలావిడతో ఓటు ఫారం నింపిస్తున్నవి. అరుపులు కేకలు తక్కువ, కూచోవడం ఎక్కువ. నేను రోజూ క్రికెట్ ఆడే గ్రౌండ్‌కి వెళ్ళే దారి ఆ ఫొటోల్లో కనిపించింది, చెట్లు అవే, ఇళ్ళు మారాయి.


మసకలెన్సు
రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 11:50

అప్‌డేట్. మా పెద్దాయన్ని ఇవాళ ఇంటికి పిలిచా. ఇంకో ఇద్దరు వచ్చారు, ఒకతను ఆయన మేనల్లుడు, ట్రెంటన్‌లో బస్సు నడుపుతాడు, బీట్లు కడతాడు ల్యాప్‌టాప్‌లో, ఇంకొకడు మా పక్క బిల్డింగ్ ప్రసాద్, వేణువు నేర్చుకుంటున్నాడు. వంట నేనే చేశా, కలువకొలను గారు గమనించాలి, పప్పుచారు, కోడి వేపుడు, అన్నం కాస్త ముద్దయింది. ఫోన్లో చూడను ప్రింట్లు తియ్యి అని ఆయన ముందే చెప్పాడు, సీవీఎస్ మందుల షాపులో పదిహేను కొట్టించా.

భోజనం అయ్యాక టేబుల్ తుడిచి వరసగా పేర్చా. ఆయన ఒక్కొక్కటే తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు, పావుగంట పైన పట్టింది, ఎవరూ మాట్లాడలేదు, ప్రసాద్ మధ్యలో పెరుగు తెచ్చుకున్నాడు. పదమూడు పక్కన పెట్టేశాడు. ఇవి నువ్వు ఎక్కడో చూసిన ఫొటోలు, మళ్ళీ తీశావు అన్నాడు. సూర్యాస్తమయాలు, బ్రూక్లిన్ బ్రిడ్జి, పావురాలు అన్నీ పోయాయి. మిగిలిన రెంట్లో ఒకటి మా నాన్న పోయినేడు వచ్చినప్పుడు బేస్‌మెంట్‌లో హీటర్ ముందు లుంగీతో కూచుని ఉన్నది, నేను చీకటిగా ఉందని పారేద్దామనుకున్నది. ఎవరీయన అని అడిగాడు. చెప్పా. ఆయనతో ఏం మాట్లాడావు అప్పుడు అన్నాడు. ఏం మాట్లాడలేదు, ఫొటో తీసి పైకొచ్చేశా అన్నా. మేనల్లుడు నవ్వాడు, మా నాన్నతో నేనూ అంతే అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పదమూడు చూసి కడుపు మండింది, రాత్రి పది దాకా మూడ్ బాలేదు. వచ్చే ఆదివారం మేనల్లుడి ఇంట్లో, ట్రెంటన్‌లో. ప్రసాద్ వేణువు తెస్తానన్నాడు, వద్దని ఎవరం చెప్పలేకపోయాం.


ఓరుగల్లు_పోరడు
సోమవారం ఉదయం 12:25

గా లుంగీ ఫొటో ఈడ పెట్టు అన్నా.


చీకటిగది
సోమవారం ఉదయం 6:02

పెట్టండి. తెల్లగా మాత్రం చెయ్యకండి.